క్రిస్మస్ పండుగ – కుటుంబ ధర్మం

పండుగ లేని జాతి లేదు. తేదీని నిర్ణయించేది పంచాంగమే అయినా, పండుగకు ప్రాణం పోసేది మాత్రం ఇల్లు. సంక్రాంతికి కూతురూ అల్లుడూ గుమ్మంలో అడుగుపెట్టాలి. రంజాను నెలవంకను చూడటానికి ఇంటిల్లిపాదీ మేడ ఎక్కాలి. క్రిస్మస్ రాత్రి ఆరాధన ముగించుకొని చలిలో నడిచివచ్చిన వారికోసం వాకిట దీపం వెలుగుతూ ఉండాలి. ఏ మతస్థుడైనా సరే, పండుగనాడు ఒంటరిగా ఉండిపోయినవాడు "పండుగ చేసుకొన్నాను" అని చెప్పడు. "సెలవు గడిచిపోయింది" అంటాడు. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం ఎంతో ఆలోచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆలోచనకు కారకుడు మన కళాశాల విద్యార్థి ఒకడు. గత డిసెంబరులో వసతిగృహంలోని క్రైస్తవ విద్యార్థులందరూ ఊళ్లకు ప్రయాణమవుతూ ఉండగా, ఇతడు మాత్రం పుస్తకం ముందు పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. "ఏమోయ్, ఊరికి వెళ్లవా?" అని అడిగాను. "చర్చి ఇక్కడా ఉన్నది కదండీ, ఆరాధనకు ఇక్కడే వెళతాను. ఇంటికి ఫోనులో శుభాకాంక్షలు చెబితే సరిపోదా?" అన్నాడు. ఇంకొంచెం ఆగి, తలవంచుకొని, చదువు విషయంలో తండ్రితో మాట పట్టింపు వచ్చిందనీ, ఆరునెలలుగా ఇద్దరికీ మాటలు లేవనీ చెప్పాడు. అప్పటికి నాకు తోచిన రెండు మాటలు చెప్పి పంపించాను. ఆ మాటలు చాలవని అప్పుడే అనిపించింది. అతని ప్రశ్న చిన్నదే కాని న్యాయమైనది. క్రిస్మస్ దైవారాధనకు సంబంధించిన పండుగ అయినప్పుడు, అందులో కుటుంబానికి ఉన్న స్థానం ఏమిటి? ఇంటికి వెళ్లకపోతే వచ్చే లోటేమిటి?

ముందుగా ఒక సత్యాన్ని ఒప్పుకొనక తప్పదు. ఈ పండుగను ఫలానా దినాన ఫలానా విధంగా జరుపుకొనుమని శాస్త్రం ఆజ్ఞాపించలేదు. సువార్తలలో క్రీస్తు జనన దినం ఏదో చెప్పబడలేదు. డిసెంబరు 25వ తేదీని తెలిపే ప్రాచీన ఆధారం క్రీ.శ. 354 నాటి రోమను పంచాంగ సంకలనంలో కనిపిస్తుంది. ఆర్మీనియా సంఘంవారు నేటికీ జనవరి 6వ తేదీన ఈ పండుగ జరుపుకొంటారు. పాత పంచాంగాన్ని అనుసరించే తూర్పు సంఘాలవారికి అది జనవరి 7. శాస్త్రంలో లేదు కనుక అసలు ఈ పండుగే కూడదన్నవారూ ఉన్నారు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు దీనిని రద్దు చేసింది. అమెరికాలోని మాసచూసెట్స్ వలసలో 1659 నుండి 1681 వరకు క్రిస్మస్ జరుపుకొన్నవారికి అయిదు షిల్లింగుల జరిమానా విధించే శాసనం అమలులో ఉండేది. స్కాట్లండులో ఇది ప్రభుత్వ సెలవుదినమైనది 1958లోనే. మన తెలుగునాట సైతం ఈ పండుగను పాటించని క్రైస్తవ సహవాసాలు ఉన్నవి. వారి నిష్ఠను నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే ఇన్ని నిషేధాలనూ, ఇన్ని ఆక్షేపణలనూ దాటి ఈ పండుగ నిలిచిందంటే, దానిని నిలిపినది ఆజ్ఞ కాదు, ఆప్యాయత. ఆజ్ఞ వలన నిలిచినదానికి అధికారి కావాలి. ఆప్యాయత వలన నిలిచినదానికి ఇల్లు చాలు.

ఇంకొక విశేషం ఉన్నది. నేడు మనం "కుటుంబ పండుగ" అనుకొంటున్న క్రిస్మస్ రూపం అంత ప్రాచీనమైనది కాదు. మధ్యయుగాల ఐరోపాలో ఇది ప్రధానంగా దేవాలయానికీ, వీధికీ, జమీందారుల భవనాలకూ చెందిన వేడుక. అది మధ్యతరగతి ఇంటి ముంగిటికి వచ్చి, పిల్లల పండుగగా, భోజనపు బల్ల పండుగగా స్థిరపడినది పందొమ్మిదవ శతాబ్దంలో. ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ తన సుప్రసిద్ధమైన క్రిస్మస్ కథను ప్రచురించినది 1843లో. అచ్చువేసి అమ్మిన మొదటి క్రిస్మస్ శుభాకాంక్షల కార్డు వెలువడినదీ ఆ సంవత్సరంలోనే. 1848లో విక్టోరియా రాణి తన భర్త, బిడ్డలతో అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడి ఉన్న చిత్రాన్ని ఒక లండను సచిత్ర పత్రిక ప్రకటించగా, జర్మనీ దేశపు ఆ ఆచారం ఇంగ్లండులో ఇంటింటికీ పాకింది.

ఇది ఆ కాలంలోనే ఎందుకు జరిగింది? అది యంత్రాల యుగం. చేను విడిచి జనం మిల్లులకు తరలిన కాలం. తండ్రి ఒక ఊరి కర్మాగారంలో, కొడుకు వేరొక ఊరి గనిలో, కూతురు పట్టణంలో ఎవరి ఇంటనో పనిమనిషిగా చెదిరిపోయిన కాలం. అందరూ ఒకే కప్పు కింద ఉన్నన్నాళ్లూ కలుసుకోవడానికి ప్రత్యేకంగా ఒక దినం అవసరం లేకపోయింది. ఇల్లు చెదిరిన తరువాతనే ఇంటి పండుగ పుట్టిందని నా అభిప్రాయం. డికెన్స్ కథలోని పిసినారి యజమాని తన గుమాస్తాకు క్రిస్మస్ నాటి సెలవు ఇవ్వడానికి గొణుగుకొంటాడు. ఆ సెలవులో గుమాస్తా చేసినదల్లా భార్యాబిడ్డలతో కలసి ఒక పూట భోజనం. లోకం ఆ కథను నేటికీ చదువుతున్నదంటే, ఆ ఒక పూట భోజనం విలువ లోకానికి తెలిసినందుననే.

ఇక మన తెలుగునాటి సంగతి చూద్దాం. లూథరను మిషనరీ హేయరు గుంటూరుకు వచ్చినది 1842లో. 1876–78 నాటి ఘోరమైన కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి కల్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందినది ఆ కరవు వెనువెంటనే. మెదకు మహాదేవాలయం కూడా మొదటి ప్రపంచయుద్ధ కాలపు కరవులో పేదలకు పని కల్పిస్తూ పాస్నెట్ దొర తలపెట్టిన నిర్మాణమే. అది 1924లో సరిగ్గా క్రిస్మస్ నాడు ప్రతిష్ఠితమైంది. ఈ చరిత్రను స్మరించడంలో నా ఉద్దేశం ఒక్కటే. మన ప్రాంతంలో క్రిస్మస్‌ను మొట్టమొదట తమదిగా చేసుకొన్న కుటుంబాలలో అనేకం ఆకలిని ఎరిగిన కుటుంబాలు. సంవత్సరంలో ఒక్కనాడు ఇంటిల్లిపాదీ కూర్చొని కడుపునిండా వరి అన్నం తినడమే వారికి పండుగ. ఆ పంక్తిలో ఒక్కరు తగ్గినా ఆ ఆనందం సంపూర్ణం కాదు. పోయినవారు ఎవరో, ఉన్నవారు ఎవరో లెక్క చూసుకొనే దినం అది.

వారు దొరల పండుగను దొరలవలె జరుపుకొనలేదు. మన తెలుగునాట మంచు లేదు, పొగగొట్టం లేదు, దేవదారు వృక్షం లేదు. వెదురు బద్దలు వంచి, రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టి నక్షత్రాన్ని తామే చేసుకొన్నారు. పురుషోత్తమ చౌదరి వంటి భక్తకవులు పందొమ్మిదవ శతాబ్దంలోనే తెలుగు కీర్తన సంప్రదాయంలో క్రైస్తవ గీతాలు రచించి ఉండటం వలన, మన పల్లెల్లో మద్దెలకూ తాళాలకూ కొరత రాలేదు. కవికోకిల జాషువ రచించిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కనుక ఈ పండుగ తెలుగువారికి అరువు సొత్తు అనడం సరికాదు. గోడలకు వెల్ల వేయడం, వాకిట ముగ్గులో నక్షత్రం తీర్చడం, బియ్యం నానబెట్టి దంచడం, బెల్లం పాకం పట్టి అరిసెలు వండటం, అర్ధరాత్రి దాకా దర్జీ ఇంట పిల్లలు పడిగాపులు పడటం – వీటిలో ఏది పరాయిది?

మా ఊరు గుంటూరు జిల్లాలో ఒక చిన్న గ్రామం. నా బాల్యంలో మా నాన్నగారికీ పెదనాన్నగారికీ పొలంలోని ఉమ్మడి బావి దగ్గర తగవు వచ్చింది. ఇంజను నీరు ఎవరి మిరపచేనుకు ముందు పెట్టాలన్నది ఆ తగవు. ఇప్పుడు చెబితే నవ్వు వస్తుంది కాని, ఆనాడు అన్నదమ్ములు మాటలు మానుకొన్నారు. రెండు ఇళ్ల నడుమ ఉన్నది ఒక్క చిన్న కంప దడి. క్రిస్మస్ రాత్రి ఇరువురూ అదే గుడికి వచ్చేవారు, ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు కూర్చొనేవారు. ఇద్దరూ అవే కీర్తనలు పాడి, దడికి ఇటు ఒకరు, అటు ఒకరు వెళ్లిపోయేవారు.

మా నాయనమ్మ మా ఇంటనే ఉండేది. పండుగ ఉదయాన ఆమె ఇత్తడి పళ్లెంలో అరిసెలు పెట్టి, పైన తుండుగుడ్డ కప్పి, నా చేతికి ఇచ్చి "పెద్దమ్మకు ఇచ్చి రా" అనేది. పెద్దమ్మ ఆ పళ్లెం తీసుకొని, ఖాళీ పళ్లెం తిరిగి పంపరాదు కనుక, అందులో తాను చేసిన జంతికలు పోసి ఇచ్చేది. "మీ నాన్న బాగున్నాడా?" అని అడిగేది. ఇంటికి రాగానే నాన్నగారు ఏమీ ఎరగనట్టు "అక్కడ ఎవరెవరు ఉన్నారు?" అని అడిగేవారు. పెద్దలు మాట్లాడుకొనలేదు కాని, ఆ పళ్లెం ఏటేటా వారి తరఫున రాకపోకలు సాగించింది. అట్లా అయిదు పండుగలు గడిచాయి.

ఆ తరువాతి సంవత్సరం వానాకాలంలో పెదనాన్నగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కబురు తెలిసిన క్షణంలోనే నాన్నగారు దడి దాటి పరుగెత్తారు. ఆ డిసెంబరులో మా రెండు కుటుంబాలూ ఒకే పంక్తిన కూర్చొన్నాయి. నాన్నగారు తన చేతితో అన్నగారికి అన్నం కలిపి పెట్టారు. అయిదేళ్లపాటు మాట్లాడగలిగీ మాట్లాడుకొనని అన్నదమ్ములు, మాట పోయిన తరువాత ఒకచోట కూర్చొన్నారు. పెదనాన్నగారు ఏదో చెప్పబోయేవారు, అర్థమయ్యేది కాదు; నాన్నగారు అర్థమైనట్టు తల ఊపేవారు. చాలాకాలం తరువాత ఒకనాడు నాన్నగారు నాతో "పండుగ నన్ను అయిదుసార్లు పిలిచిందిరా, నేను ఒక్కసారీ వెళ్లలేదు" అన్నారు. కుటుంబంతో క్రిస్మస్ జరుపుకోవడం అంటే ఏమిటని ఎవరు అడిగినా, నాకు మొదట గుర్తుకు వచ్చేది ఆ మాటే.

మనుషులు తమంత తాముగా రాజీపడటం కష్టం. "నేనే ముందు ఎందుకు వెళ్లాలి?" అన్న అభిమానం అడ్డు వస్తుంది. పండుగ ఆ అభిమానానికి భంగం కలుగకుండా ఒక దారి చూపుతుంది. ఆ దినాన గడప దాటినవాడు ఓడిపోయినవాడు కాడు, పండుగకు వచ్చినవాడు మాత్రమే. క్షమాపణ అడగనక్కరలేదు, తగవు తిరగదోడనక్కరలేదు. కాళ్లు కడుక్కొని పంక్తిలో కూర్చొంటే చాలు. సమాజం ఎంతో అనుభవంతో కల్పించుకొన్న సదుపాయం ఇది. ఫోనులో చెప్పే శుభాకాంక్షలకు ఈ శక్తి లేదు. శుభాకాంక్షలు అందరికీ ఒకే తీరుగా చెప్పవచ్చు. పంక్తిలో మాత్రం ఎవరి పక్కన ఎవరో ఒకరు కూర్చొనక తప్పదు.

అయితే కుటుంబ పండుగను పొగడటంతోనే ఆగిపోతే అది సగం సత్యమే అవుతుంది. ఆ పంక్తికి వడ్డించేది ఎవరు? మా అమ్మ ఒక్క క్రిస్మస్ నాడైనా ఆరాధనలో మొదటి కీర్తన వినగా నేను చూడలేదు. పొయ్యి మీది పని ముగించుకొని, తడి చేతులు కొంగుకు తుడుచుకొంటూ ఆమె గుడికి వచ్చేసరికి ప్రసంగం సగమయ్యేది. మేమందరం తిన్న తరువాత, చల్లారిన కూరతో ఆమె భోజనం. ఇంట్లో ఒకరు పండుగ చేస్తూ ఉంటే తక్కినవారు పండుగ అనుభవించడం కుటుంబ ధర్మం అనిపించుకోదు. యువకులారా, ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తల్లికి బహుమానం ఏమి కొనాలా అని ఆలోచించనక్కరలేదు. నీళ్లు తోడండి, పిండి జల్లించండి, గిన్నెలు కడగండి. ఆమెను మొదటి గంటకే గుడికి పంపండి. మీ వడ్డనలో ఒక్కపూట ఆమెను కూర్చొని తిననివ్వండి. ఇది ఉపకారం కాదు, బాకీ తీర్చడం.

ఆడంబరం సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. అప్పు చేసి పప్పుకూడు తినరాదని పెద్దలన్నారు. పొరుగింటి నక్షత్రం కంటె మన నక్షత్రం పెద్దదిగా ఉండాలని, ఇంటిల్లిపాదికీ పట్టుబట్టలు ఉండాలని వడ్డీకి తెచ్చి, ఆ వడ్డీ తీర్చలేక భార్యాభర్తలు జనవరి నెలంతా కలహించుకొంటే, ఆ పండుగ కుటుంబాన్ని కలిపిందా, విడదీసిందా? పాకలో పుట్టినవాని పేరు చెప్పి పరపతి చూపుకోవడం కంటె విపరీతం లేదు.

ఇంటికి రానివారినందరినీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. రాలేనివారు వేరు, రానివారు వేరు. కడప జిల్లా నుండీ, గోదావరి జిల్లాల నుండీ కువైటు మొదలైన దేశాలకు వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న తల్లులున్నారు. కువైటులో క్రిస్మస్ ప్రభుత్వ సెలవుదినం కాదు. అక్కడి క్రైస్తవ సమాజాలకు వారపు ఆరాధన ప్రధానంగా శుక్రవారం నాడు జరుగుతుంది. ఆస్పత్రులలో రాత్రి విధులలో ఉన్న నర్సులున్నారు, సరిహద్దున కాపలా కాస్తున్న సైనికులున్నారు, రైళ్లు నడుపుతున్నవారున్నారు. బిడ్డ కొత్తబట్టలు కట్టుకొని సెల్‌ఫోను తెరపై కనిపిస్తే కన్నీరు ఆపుకొనే తల్లిని చూసి "ఇది పండుగా?" అని ఆక్షేపించే హక్కు ఎవరికీ లేదు. వారి పంపకమే ఇక్కడి పళ్లెంలో అన్నమై ఉన్నది. రాలేనివానికి ఫోను ఒక వంతెన. రాదలచుకొననివానికి అదే ఫోను ఒక చాటు. మన చేతిలో ఉన్నది వంతెనయా, చాటా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి.

ఇంతవరకు కుటుంబం అన్నప్పుడు రక్తబంధువులను గురించే మాట్లాడాను. కాని మొదటి క్రిస్మస్ నాటి కుటుంబాన్ని పరిశీలిస్తే ఆ మాటకు అర్థం మరికొంత విశాలమవుతుంది. లూకా సువార్త ప్రకారం, జనసంఖ్య వ్రాయించుకొనుటకై యోసేపు నిండు గర్భిణి అయిన మరియను వెంటబెట్టుకొని తన పూర్వికుల ఊరైన బేత్లెహేముకు వెళ్లాడు. అక్కడ చోటు దొరకనందున శిశువును పశువుల తొట్టిలో పరుండబెట్టారు. మన నాటకాలలో కఠినుడైన సత్రం యజమాని ఒకడు తప్పక కనిపిస్తాడు. సువార్తలో మాత్రం అటువంటి యజమాని ప్రస్తావనే లేదు. సత్రమని మనం చదువుకొనే చోట లూకా వాడిన గ్రీకు పదం 'కటలూమ'. ప్రభువు తన శిష్యులతో కడరాత్రి భోజనం చేసిన ఇంటి గదికి కూడా ఆయన ఆ పదాన్నే వాడాడు. మంచి సమరయుని కథలో డబ్బు చెల్లించి బస చేసే పూటకూటి ఇంటికి మాత్రం వేరొక పదం వాడాడు. అందుచేత అది సత్రం కాదనీ, ఏ ఇంటిలోనో ఉండే విడిది గది అయి ఉండవచ్చుననీ పలువురు బైబిలు పండితులు అభిప్రాయపడుతున్నారు.

ఈ అభిప్రాయం నిజమైతే ఆ కథ మనకు మరింత దగ్గరవుతుంది. యోసేపు వెళ్లినది పరాయి ఊరు కాదు, తనవారి ఊరు. చోటు లేకపోయినది ఏ పరాయివాని సత్రంలోనో కాదు, బహుశా ఒక బంధువు ఇంటిలో. మరి ఆ రాత్రి ఆ బిడ్డను చూడటానికి మొట్టమొదట వచ్చినవారు ఎవరు? బంధువులని లూకా చెప్పలేదు. పొలంలో మందలు కాచుకొంటున్న గొల్లలు వచ్చారని చెప్పాడు. పుట్టిన కొద్దికాలానికే ఆ కుటుంబం ప్రాణభయంతో ఐగుప్తుకు వలసపోయి పరాయిదేశంలో తలదాచుకొన్నదని మత్తయి సువార్త చెబుతున్నది. పవిత్ర ఖురాన్‌లోని 19వ అధ్యాయం హజ్రత్ మరియం పేరుననే వెలసింది. ప్రసవవేదనలో ఆమె ఒంటరిగా ఖర్జూర వృక్షం మొదలును ఆశ్రయించిన వృత్తాంతం అందులో ఉన్నది. ఈసాను గూర్చిన విశ్వాసంలో ఈ రెండు మతాలకూ భేదం ఉన్న మాట నిజమే. కాని నిలువ నీడలేని ఒక తల్లిని దైవం విడిచిపెట్టలేదన్న విషయంలో రెండింటికీ భేదం లేదు.

అందుచేత క్రిస్మస్ నాడు తలుపు మూసుకొని "మా కుటుంబం, మా విందు" అనుకొనేవారు ఆ పండుగ పుట్టుకనే మరచినవారవుతారు. పోలండు దేశంలో ఒక చక్కని ఆచారం ఉన్నది. క్రిస్మస్‌కు ముందునాటి సాయంత్రం ఆకాశంలో మొదటి చుక్క కనిపించిన తరువాతనే ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చొంటారు. ఆ బల్లపై అనుకోకుండా వచ్చే అతిథికోసం ఒక పళ్లెం అదనంగా వేసి ఉంచుతారు. మనకు అది కొత్త సంగతి కాదు. తెలుగు ఇల్లాలు ఎసరు పెట్టేటప్పుడు ఎవరైనా వస్తారేమోనని పిడికెడు బియ్యం ఎక్కువ పోయడం మనం ఎరిగినదే. ఆ పిడికెడు బియ్యం ఏ గ్రంథమూ చెప్పని గొప్ప మతధర్మం. బిడ్డలు లేని వృద్ధులూ, ఇటీవలే ఇంటి మనిషిని పోగొట్టుకొన్నవారూ, సెలవులలో వెళ్లడానికి ఊరే లేని వసతిగృహపు విద్యార్థీ – ఈ పిడికెడు వారికోసం. పండుగ దినం ఆనందమున్నవారికి ఎంత ఆనందమో, ఎవరూ లేనివారికి అంత భారం.

మన కళాశాలలో ఒకే బల్లపై ఉర్దూ చదివేవారూ, తెలుగు చదివేవారూ పక్కపక్కన కూర్చొంటున్నారు. ఈద్ నాడు మిత్రుని ఇంటి నుండి షీర్ ఖుర్మా గిన్నె వస్తుంది. ఆ గిన్నెను మనం ఖాళీగా పంపము. క్రిస్మస్ నాడు అరిసెల పళ్లెం వెళుతుంది. అదీ ఖాళీగా తిరిగిరాదు. మా నాయనమ్మ పళ్లెం ఒక దడిని దాటింది. మనం పంపే ఈ గిన్నెలూ, పళ్లేలూ ఇంకా ఎత్తయిన దడులను దాటగలవు. అయితే పొరుగువారికి పళ్లెం పంపి, సొంత అన్నను మరచినవాని ఔదార్యం నాకు నమ్మదగినదిగా కనిపించదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మొదటి పళ్లెం ఇంటివారికే వెళ్లాలి.

ఇప్పుడు నా విద్యార్థి ప్రశ్నకు సమాధానం చెప్పగలను. నాయనా, నీవు అన్నట్టు చర్చి ఇక్కడా ఉన్నది, దేవుడు అంతటా ఉన్నాడు. ఆరాధనకు మాత్రమే అయితే నీవు ఊరికి వెళ్లనక్కరలేదు. కాని మీ ఇంటి పంక్తిలో నీ చోటు ఒక్కచోటనే ఉన్నది. దానిని నీవు తప్ప మరెవ్వరూ నింపలేరు. అక్కడ మీ తండ్రి ఏమీ ఎరగనట్టు "వాడి నుండి కబురేమైనా వచ్చిందా?" అని మీ అమ్మను అడుగుతూ ఉంటాడు. నీవు వెళ్లి క్షమాపణ చెప్పుకోనక్కరలేదు, చదువు తగవు ఆనాడే తేల్చుకోనక్కరలేదు. పండుగకు వచ్చానని చెప్పు, చాలు. ఎదుటివారికి మాట ఉండగా, మనకు కాళ్లు ఉండగా వెళ్లడం మంచిది.

ఈ డిసెంబరులో ఊరికి వెళ్లే విద్యార్థులందరికీ సుఖప్రయాణం కలుగుగాక. వెళ్లలేనివారికి ఎవరి ఇంటనో ఒక పళ్లెం అదనంగా వేసి ఉండుగాక. మీ ఇళ్లలో అందరికీ, ముఖ్యంగా వండిన తల్లికి, కూర్చొనడానికి చోటు దొరుకుగాక.